కృప, కృతజ్ఞత: క్రైస్తవధర్మమున ననుగ్రహస్వీకారవిచారము

క్రైస్తవగ్రంథముల తెలుఁగు పరివర్తనములందు ‘కృప’ యను పదమును ‘కృతజ్ఞత’ యను పదమును దఱచుగాఁ గానవచ్చును. మొదటిది దేవునియందుండు ధర్మమనియు, రెండవది దానిఁ బొందిన మనుష్యునియందుఁ బుట్టు ధర్మమనియుఁ జదువరులు గ్రహింతురు. ఈ రెండు పదములకును మన భాషలో ధాతుసంబంధము లేదు. అందుచే నీ రెండర్థములకును గల సంబంధము లోకమునందలి యుపకారప్రత్యుపకారముల వంటిదే యని తోఁచుట సహజము. క్రైస్తవుల క్రొత్తనిబంధనకు మూలభాషయగు గ్రీకునందన్ననో, యీ రెండర్థములకు నొక్కటే పదము కలదు. అది ‘ఖారిస్’. ఈ యైక్యమును గుర్తింపనిచో, దైవానుగ్రహమును బొందినవాఁ డెట్లు వర్తింపవలయునని యా గ్రంథములు చెప్పుచున్నవో యది సరిగా బోధపడదు. పాఠశాలలలో నీ పదముల కర్థము చెప్పవలసిన పండితులకును, మతాంతరగ్రంథములను నిష్పక్షపాతబుద్ధితోఁ బరిశీలించు విద్వాంసులకును నుపయోగపడునని యీ విచారమునకుఁ బూనుకొంటిని.

ప్రశ్న యిది. దేవుఁడు వెల గొనక యిచ్చునదే కృప యని క్రైస్తవసిద్ధాంతము. వెలలేనిదానికిఁ బ్రతి యేమి? ఏదైన నొకటి తిరిగి యీయవలయునన్నచో నది యప్పో బేరమో యగును గాని కృప కాదు. ఏమియుఁ జేయనక్కఱలేదన్నచోఁ గృప పొందినవానికిని బొందనివానికిని భేదము కనఁబడదు. పాపి పాపిగానే యుండి కృపను బొగడుచుండవచ్చును. ఈ రెండు పక్షములును గ్రైస్తవలోకమున వేర్వేఱు కాలములందుఁ దలయెత్తినవే. రెంటికిని నడుమఁ దిన్నని మార్గ మొకటి కలదని చూపుటయే యీ వ్యాసమునకుఁ బ్రయోజనము.

ముందుగా శబ్దములను విచారింతము. ‘కృప’ యనునది ‘క్రప’ ధాతువునుండి పుట్టినది. పాణినీయమున మూఁడవ యధ్యాయము మూఁడవ పాదమున 104వ సూత్రము భిదాదిగణమునకు అఙ్ ప్రత్యయమును విధించుచున్నది. ఆ గణమునందే యీ ధాతువునకు సంప్రసారణముఁ జెప్పిరి. రేఫమునకు ఋకారము రాఁగా ‘కృపా’ యని స్త్రీలింగరూప మేర్పడెను. ఇది భావార్థకము. దయగలవాని మనోవృత్తిని జెప్పునే కాని యిచ్చిన వస్తువును గాని పుచ్చుకొన్నవాని స్థితిని గాని చెప్పదు. ‘కృతజ్ఞ’ శబ్దమన్ననో, చేయఁబడినదాని నెఱుఁగువాఁ డను నర్థమున ‘జ్ఞా’ ధాతువుపై క ప్రత్యయము రాఁగా సిద్ధించినది. ఇందలి ‘కృత’ మనునది కరోతిధాతుజము. ‘కృప’తో దీనికి వర్ణసామ్యమే కాని సంబంధము లేదు. ఇచట నొక విశేషము గమనింపఁదగినది. కృతజ్ఞశబ్దమునఁ దిరిగి యిచ్చుట యను నర్థము లేదు. ఎఱుఁగుట మాత్రమే కలదు. దీనికి విరుద్ధమగు కృతఘ్నశబ్దమునఁ జేసినదానిఁ జంపుట కలదు. చేసినదాని నెఱుఁగనివాఁడు దానిని జంపినవానితో సమానుఁడని మన భాష చెప్పుచున్నది.

గ్రీకుపదమగు ‘ఖారిస్’ సంతోషించుట యను నర్థముగల ‘ఖైరో’ యను క్రియకు సగోత్రము. సొగసు, దయ, దయతో నిచ్చిన వస్తువు, ఆ వస్తువును బొందినవాఁడు తెలుపు ధన్యవాదము: ఇవి దానికిఁ బ్రధానార్థములు. హీబ్రూగ్రంథములను గ్రీకులోనికిఁ బరివర్తించిన పూర్వులు ‘హేన్’ అను పదమునకు సాధారణముగా దీనినే వాడిరి. దీనినుండియే కృతజ్ఞతాసమర్పణము నర్థముగాఁ గల ‘యూఖారిస్తియా’ పదము పుట్టెను. క్రీస్తు శిష్యులతోఁ గడపటిసారి చేసిన భోజనమును స్మరించుచు రొట్టెను ద్రాక్షారసమును గైకొను సంస్కారమునకుఁ బ్రాచీనక్రైస్తవులు పెట్టుకొన్న పేరిదియే. లాటినునందలి ‘గ్రాతియా’ శబ్దమును దయను, ధన్యవాదమును రెంటినిఁ జెప్పును.

తెలుఁగునఁ గృప యనువారు ప్రొటెస్టంటు సంఘములవారు. రోమనుకతోలిక సంఘమువా రాయర్థముననే ‘వరప్రసాద’ మందురు. పైఁ జెప్పిన సంస్కారమును ‘దివ్యసత్ప్రసాద’ మందురు. గ్రీకున ఖారిస్, యూఖారిస్తియా శబ్దములకుఁ గల చుట్టఱిక మీ రెండు తెలుఁగు పదములయందును బ్రసాదశబ్దముచే నిలిచియుండుట మెచ్చఁదగినది. ‘ప్ర’ పూర్వకమగు సదధాతువుపై ఘఞ్ ప్రత్యయము రాఁగాఁ బ్రసాదశబ్ద మగును. తేటపడుట, ప్రసన్నత, అనుగ్రహము, దేవునకు నివేదించి పంచిపెట్టు పదార్థము అని దాని కర్థములు. గుడిలోఁ బ్రసాదము పుచ్చుకొన్నవాఁడు దానిని మరల గర్భాలయమునకుఁ దిరిగి యీయఁడు. కన్నుల కద్దుకొనును, తాను దినును, ఇంటికిఁ దెచ్చి పదిమందికిఁ బెట్టును. రెండు మతముల తత్త్వములును వేఱు. నేనుఁ జెప్పునది శబ్దశక్తిని గూర్చి మాత్రమే. అయినను నీ దృష్టాంతము ముందు విచారమునకు మిక్కిలి యుపకరించును.

ఇచ్చుట యనఁగా నేమో వ్యాకరణము చక్కఁగా విచారించినది. కర్త తన క్రియకుఁ గర్మమగు వస్తువుచే నెవని నుద్దేశించునో వాఁడు సంప్రదానమని పాణిని మొదటి యధ్యాయము నాల్గవ పాదమున 32వ సూత్రమునఁ జెప్పెను. ఈ సంజ్ఞ సార్థకమైనదని వృత్తికారుల మతము. లెస్సగా నిచ్చుట, అనఁగాఁ దన స్వత్వమును విడిచి యితరునకు స్వత్వమును గలిగించుట, యున్నఁగాని చతుర్థి రాదని వ్యాఖ్యాతలు వివరించిరి. రజకునకు వస్త్రము లిచ్చుట యట్టిది కాదు. అవి యుదికి తిరిగి తేవలసినవి. కావున నచట షష్ఠియే సాధువనిరి. మన తెలుఁగువారును ‘చాకలికి బట్టలు వేసితి’ మందురే కాని దానము చేసితి మనరు. కృపను గూర్చిన మొదటి పూర్వపక్ష మిచ్చటనే తొలఁగును. దేవుఁడు తిరిగి పుచ్చుకొనుటకై యిచ్చెనన్నచో నది రజకునకు వస్త్రమిచ్చుట వంటిదే యగును. పౌలు రోమీయులకు వ్రాసిన పత్రిక నాల్గవ యధ్యాయమునఁ బనిచేసినవానికి వచ్చు జీతమును ఋణపక్షమునఁ జేర్చి, కృపను దానినుండి విడఁదీసి చెప్పుట యీ న్యాయముతో సరిపోవుచున్నది.

మఱి పుచ్చుకొనువాని పని యేమి? భర్తృహరి వాక్యపదీయమున సంప్రదానము మూఁడు విధములని నిరూపించెను. ఇమ్మని ప్రేరేపించు యాచకుఁ డొకఁడు. తా నడుగకపోయినను శిష్యుఁడు గోవు నీయఁగా సమ్మతించు నుపాధ్యాయుఁ డొకఁడు. అడుగక, సమ్మతిఁ దెలుపక, నిరాకరింపకయు నర్ఘ్యము నందుకొను సూర్యుఁ డొకఁడు. వీరు క్రమముగాఁ బ్రేరకుఁడు, అనుమంత, అనిరాకర్త యనఁబడుదురు.

క్రైస్తవాచార్యుల వివాదములను స్థూలముగా నీ విభాగముచేతనే తెలిసికొనవచ్చును. ఐదవ శతాబ్దారంభమునఁ బెలాగియుసు మనుష్యుఁడు తన స్వతంత్రేచ్ఛచే దైవాజ్ఞలను నెఱవేర్పఁగలఁడని బోధించెను. హిప్పో పట్టణపు బిషప్పగు అగస్టీను (354–430) దానిని ఖండించి, మంచిని గోరుటకుఁ గూడఁ గృపయే కారణ మనెను. 418లోఁ గార్తేజిసభ పెలాగియుసు మతమును నిరాకరించెను. పిమ్మట గాలుదేశమునఁ గొందఱు మొదటి యడుగు మనుష్యునిదే యనియు, నామీఁద దేవుఁడు తోడుపడుననియు వాదించిరి. ఇది ప్రేరకపక్షము. 529లో ఆరెంజిసభ విశ్వాసారంభము సైతము కృపాజన్యమే యని యా వాదమును ద్రోసిపుచ్చెను. మార్టిన్ లూథరు 1525లో నిచ్ఛాదాస్యమును గూర్చి వ్రాసిన గ్రంథమున, రక్షణవిషయమున మనుష్యేచ్ఛకు స్వాతంత్ర్యము లేదనెను. ఇది యనిరాకర్తృపక్షమునకు దగ్గఱ. 1547లో ట్రెంటుసభయు, పదునెనిమిదవ శతాబ్దమున జాన్ వెస్లీయు, దమలోఁ దాము వేర్వేఱు మార్గములవారయ్యును, ముందు వచ్చు కృపచేఁ గదలింపఁబడిన మనుష్యుఁడు సమ్మతింపను నిరాకరింపను శక్తుఁడనిరి. ఇది యనుమంతృపక్షము. విశిష్టాద్వైతులలోఁ గోఁతిపిల్ల, పిల్లికూన దృష్టాంతములతో వడగలై తెంగలై శాఖలవారు చేసిన వాదము నెఱిఁగినవారికి నీ భేదము క్రొత్తగాఁ దోఁపదు.

ఈ పక్షములలో నేది గ్రాహ్యమో నిర్ణయించుట వైయాకరణుని పని కాదు. పెలాగియుసు మతమును విడిచిన తక్కినవా రందఱకును సమ్మతమైనది యొక్కటి కలదు. పుచ్చుకొనుట వెల యిచ్చుట కాదు. యాచకుఁడు చేయి చాఁపినంతమాత్రమున గోవును గొన్నవాఁడు కాఁడు గదా.

ఇంతవఱకు విచారించినది పుచ్చుకొను క్షణమును గూర్చి. ఇఁకఁ బుచ్చుకొన్న పిదప నేమగునో క్రొత్తనిబంధనయందలి కథలవలనఁ జూతము. లూకా సువార్త 17వ యధ్యాయమునఁ బదిమంది కుష్ఠరోగులు స్వస్థులైరి. వారిలో సమరయదేశస్థుఁ డొక్కఁడు మాత్రము తిరిగివచ్చి యేసు పాదములకడ సాగిలపడి కృతజ్ఞతఁ దెలిపెను. అచటి గ్రీకుక్రియ ఖారిస్ నుండి పుట్టినదే. అతఁడు తెచ్చి యిచ్చిన వస్తు వేదియు లేదు. చేయఁబడినదాని నెఱిఁగెను, అంతియే. తొమ్మండుగురు రాలేదని యేసు విచారించెనే కాని, వారి యారోగ్యము మరలఁ దీసికొనఁబడినదని యచటఁ జెప్పఁబడలేదు. ఇచ్చినది దానమే కాని యెరువు కాదు.

అదే గ్రంథమున 19వ యధ్యాయమున యెరికో పట్టణపు సుంకరులలో ముఖ్యుఁడగు జక్కయ్య కథ కలదు. అతఁడు తన నడతను మార్చుకొనుటకు మున్నే యేసు వానియింట దిగుదునని చెప్పెను. తరువాతనే జక్కయ్య తన యాస్తిలో సగము బీదలకిత్తుననియు, నన్యాయముగాఁ దీసికొన్నదానికి నాలుగింతలు తిరిగి యిత్తుననియుఁ బలికెను. ఇందు క్రమమును, చతుర్థ్యర్థమును రెండును బరికింపఁదగినవి. కృప ముందు, మార్పు వెనుక. మఱియు నతఁ డిత్తునన్నది యేసునకుఁ గాదు. బీదలకును, తనచే మోసపోయినవారికిని.

మత్తయి సువార్త 18వ యధ్యాయమందలి దృష్టాంత మీ విషయమును లెక్కలతోఁ జెప్పును. ఒక దాసుఁడు రాజునకుఁ బదివేల తలాంతులు ఋణపడియుండెను. రాజు కనికరించి యంతయు విడిచెను. ఆ దాసుఁడే వెలుపలికిఁ బోయి, తనకు నూఱు దేనారములు బాకీపడిన తోడిదాసుని గొంతు పట్టుకొని చెఱసాలలో వేయించెను. అదే సువార్త 20వ యధ్యాయమువలన నొక దేనారము కూలివాని యొకదినపు కూలి యని తెలియును. తలాంతు ఇంచుమించుగా 6,000 దేనారములు. కావున రాజు విడిచినది 6 కోట్ల దినముల కూలి. దాసుఁడు విడువలేకపోయినది 100 దినముల కూలి. అనఁగా నాఱులక్షలలో నొకవంతు! రాజు వానిని ‘నాకేమి తెచ్చితి’వని యడుగలేదు, తోడివానిని గనికరింపవలదా యని యడిగెను.

ఇచట నొక శంక పుట్టును. విడువఁబడిన ఋణము మరల వానిపైఁ బడినది గదా. అట్లయినఁ గృప వెలలేని దెట్లగును? సమాధాన మిది. ఆ దాసుఁడు ఋణము తీర్పనందున శిక్షింపఁబడలేదు. కృప తనవఱకు వచ్చి యాఁగవలయునని తలఁచినందున శిక్షింపఁబడెను. నిరాకరింపకుండుట సంప్రదానమునకుఁ దక్కువలోఁ దక్కువ లక్షణమని యంటిమి. ఇతఁడు నోటితో నిరాకరింపలేదు, ఆచరణముచే నిరాకరించెను. కృపను నిజముగాఁ బుచ్చుకొన్నవాఁ డొక దానక్రియలో సంప్రదానమై, వెంటనే మఱియొక దానక్రియలోఁ గర్త యగును. ఈ రెండవ క్రియయే మొదటిదానికిఁ గృతజ్ఞత.

శబ్దమును బట్టి దీనికిఁ బ్రబలప్రమాణము కొరింథీయులకుఁ బౌలు వ్రాసిన రెండవ పత్రికలోఁ గలదు. యెరూషలేమునందలి పేదక్రైస్తవులకై ధనము ప్రోగుచేయుచు నతఁడు 8, 9 అధ్యాయములు వ్రాసెను. ఈ రెండధ్యాయములలో ఖారిస్ శబ్దము పదిమాఱులు వచ్చినది. మాసిదోనియ సంఘములకు దేవుఁ డిచ్చిన కృప ఖారిస్. నిరుపేదలయ్యు నా సంఘములవారు, తమకును బాలు పంచుకొను భాగ్యము కావలయునని వేఁడుకొన్నది ఖారిస్. పంపఁదలఁచిన చందాసొమ్మును ఖారిసే. ధనవంతుఁడయ్యు మనుష్యులకొఱకు దరిద్రుఁడైన క్రీస్తుయొక్క దయ ఖారిస్. తుదకు, చెప్పనలవికాని యీవికై దేవునకుఁ జెల్లించు స్తోత్రమును ఖారిస్ అను పదముతోనే యా ప్రకరణము ముగిసినది. తెలుఁగునందు నింగ్లీషునందును బరివర్తకులు కృప, ఉపకారద్రవ్యము, స్తోత్రము మొదలగు వేర్వేఱు పదములను వాడక తప్పలేదు. అర్థము చెడలేదు కాని, దేవునినుండి బయలుదేఱిన దొక్కటే పదార్థము మాసిదోనియ ద్వారా యెరూషలేముఁ జేరి, యటనుండి స్తోత్రరూపమున దేవునియొద్దకు మరలుచున్నదను సూత్రము తెగిపోయినది. ఈ దానమును దా నాజ్ఞగాఁ జెప్పుటలేదని పౌలు స్పష్టముగా నుడివెను. ఆజ్ఞచే నిచ్చునది పన్ను, ఖారిస్ కాదు.

ఇఁక రెండవ పూర్వపక్షము. ఏమియుఁ జేయనక్కఱలేదనువాదము పౌలు నాఁడే కలదు. కృప విస్తరించుటకై పాపమును సాగింపవచ్చునా యను ప్రశ్నను రోమీయులకు వ్రాసిన పత్రిక ఆఱవ యధ్యాయమున నతఁడే యెత్తి, తీవ్రముగా నిరాకరించెను. ఎఫెసీయులకు వ్రాసిన పత్రిక రెండవ యధ్యాయమున రక్షణ క్రియలవలనఁ గలుగునది కాదనియు, మనుష్యులు సత్క్రియలకొఱకు సృజింపఁబడిరనియు వెంటవెంటనే చెప్పఁబడినది. పంచమికిని జతుర్థికిని గల భేదము నెఱిఁగినవారి కిందు విరోధము లేదు. సత్క్రియలు కృపకు హేతువులు కావు; ప్రయోజనములు. పండు చెట్టునకుఁ గారణము కాదు, కాని పండనిచెట్టును జూచి తోఁటవాఁడు వేరు పరీక్షించును. జర్మనీదేశస్థుఁడగు డీట్రిచ్ బోన్‌హోఫర్ 1937లోఁ బ్రకటించిన గ్రంథమున, శిష్యత్వములేని కృపను జౌకకృప యని గర్హించెను. హిట్లరు ప్రభుత్వము నెదిరించి 1945 ఏప్రిలు 9వ తేదీన నురిదీయఁబడిన యతని నోట నా మాట కేవలపాండిత్యము కాదు.

కృప నెఱిఁగినవాఁడు వెంటనే సర్వము నెఱుఁగునని తలఁపరాదు. దీనికి జాన్ న్యూటను చరిత్రము సాక్షి. ఇంగ్లండునఁ 1725లోఁ బుట్టిన యీ నావికుఁడు 1748లో సముద్రమునఁ దుపానునఁ జిక్కి దేవుని వేఁడుకొని బ్రదికెను. ఆ దినమును దన మార్పునకు మొదలుగా నెంచుకొనెను. అయినను 1750 మొదలు 1754 వఱకు ఆఫ్రికాజనులను బానిసలుగాఁ గొనిపోవు నోడలకు నాయకుఁడై యుండెను. పిదప గురువై, 1773వ సంవత్సరాదిదినమునకై ‘అమేజింగ్ గ్రేస్’ అను లోకప్రసిద్ధమగు కీర్తనను వ్రాసెను. అది 1779లో ముద్రింపఁబడెను. బానిసవ్యాపారమును బహిరంగముగా ఖండించి, తానందుఁ బాల్గొన్నందులకు సిగ్గుపడుచు నతఁడు చిన్నగ్రంథమును బ్రకటించినది 1788లో. తుపానుకును నీ గ్రంథమునకును నడుమ నలువదియేండ్లు! ఆ గ్రంథమును, పార్లమెంటు విచారణలోఁ జెప్పిన సాక్ష్యమును ఆ వ్యాపారము నెదిరించినవారికి బలమయ్యెను. 1807లో బ్రిటిషు రాజ్యమున నది చట్టముచే నిషేధింపఁబడెను. ఆ సంవత్సరాంతముననే న్యూటను మరణించెను. తాను కృప పొందినవాఁడని యతఁ డాదినుండియు నెఱుఁగును. తన యోడయడుగున సంకెలలోఁ బడియున్న తోడిమానిసి యా కృపకుఁ దరువాతి సంప్రదానమని యెఱుఁగుటకే యంతకాలము పట్టెను. దేవునకు స్తోత్రము చెప్పుట సులభము. కృప తనను దాఁటి యెవనివఱకుఁ బోవలయునో వానిఁ గన్నులారఁ జూచుట కష్టము.

మన దేశమునఁ దెలుఁగుక్రైస్తవులు రోగము కుదిరినపుడును, నూతనగృహమునఁ బ్రవేశించినపుడును గృతజ్ఞతకూడికలు జరుపుదురు. పంటకాలమునఁ గోతపండుగ చేసి తొలిఫలములను సంఘమునకుఁ దెత్తురు. తమకుఁ గలిగిన మేలును బదుగురిలో సాక్ష్యముగాఁ జెప్పుదురు. ఇవి యన్నియుఁ గృతజ్ఞశబ్దమునందలి యెఱుకకు వెలుపలి రూపములు. వీనిని మ్రొక్కుబడి చెల్లించుట వంటి ఋణవిమోచనముగా వ్యాఖ్యానించుట క్రైస్తవసిద్ధాంతమునకు సరిపడదు. కూడికలోఁ బెట్టిన యన్నము పేదల విస్తళ్లవఱకుఁ బోయినపుడే యా పదము సార్థకమగును.

కావున బాలురకు నీ పదములను బోధించు పండితులు కృతజ్ఞత యనఁగాఁ బ్రత్యుపకారబుద్ధి యని మాత్రము చెప్పి విడువక, చేయఁబడినదాని నెఱుఁగుట యని ధాతువును జూపి చెప్పవలయును. క్రైస్తవగ్రంథములందలి ప్రయోగమును వివరింపవలసివచ్చినపుడు, దాత ప్రసన్నుఁడై యిచ్చినదానిని గ్రహీత యెఱిఁగి పరులకుఁ బంచుటయే కృపకుఁ దగిన ప్రతివర్తనమని తెలుపవలయును. దాతకుఁ దిరిగి యిచ్చుట దానమును ఋణముగాఁ జేయును. తనయొద్దనే దాఁచుకొనుట దానిని నిరాకరించుటయే యగును. ఈ రెంటికి నడిమి మార్గమును గ్రీకుభాష యొక్కపదమున నిముడ్చుకొన్నది. మన భాషలోఁ బ్రసాదశబ్దము దానికి సమీపమున నిలిచియున్నది. ఇందలి గుణదోషములను విజ్ఞులు విచారింతురు గాక.